ముందు కాగితం, తర్వాతే అడ్వాన్సు

బండి కొనేటప్పుడు, బండి బాగు చేయించేటప్పుడు మన జేబులోంచి చెప్పాపెట్టకుండా పోయే పైసల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. ముందు కాగితం, తర్వాతే అడ్వాన్సు. ఈ మాట మధ్యమధ్యలో మళ్లీ అంటాను. విసుక్కోకండి. షోరూంలో ఏసీ గాలికి కూర్చుని, చేతిలో కూల్‌డ్రింకు పట్టుకున్నాక గుర్తుండేది నాలుగుసార్లు విన్న మాటే.

మన గోదావరిఖనిలో, రామగుండంలో, యైటింక్లయిన్ కాలనీలో, సెంటినరీ కాలనీలో బండ్ల వ్యాపారానికి ఒక సీజను ఉంది. సింగరేణి బొగ్గు గనుల నుంచి పైసలు చేతికొచ్చినప్పుడే ఆ సీజను. 2023 సెప్టెంబరులో 11వ వేజ్ బోర్డు ఏరియర్లు వచ్చాయి. ఒక్కో కార్మికుడికి సగటున 3 లక్షల 70 వేలు. 2024లో లాభాల్లో 33 శాతం వాటా, మొత్తం 796 కోట్లు. 2025లో 34 శాతం, 819 కోట్లు. పర్మినెంటు కార్మికుడికి సగటున 1 లక్షా 95 వేలు పడింది. దాని వెనకే దీపావళి బోనస్ 1 లక్షా 3 వేలు. అదే 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద, 350 సీసీ లోపు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. చేతిలో పైసలున్నాయి, పన్ను తగ్గింది, ముందు దసరా ఉంది. ఇక బండి కొనకుండా ఎవరుంటారు? కొనాలి కూడా. కానీ ఒకటి ఆలోచించండి. మనకు ఎంత పడిందో పేపర్లో అచ్చయింది. అమ్మేవాళ్లు అది చదివే కౌంటరు దగ్గర కూర్చున్నారు. మన జేబు లెక్క వాళ్లకు తెలుసు. వాళ్ల బిల్లు లెక్క మాత్రం మనకు తెలియదు. దాపరికం చార్జీలు మొలిచేది ఈ తేడాలోనే.

ఈ చార్జీలు ఎలా వస్తాయో చూడండి. పోస్టరు మీద ఒక ధర ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ఎక్స్ షోరూం అని ఉంటుంది. సేల్స్ అబ్బాయి నోటితో ఇంకో ధర చెబుతాడు. అది ఆన్ రోడ్ అంటాడు. ఓ చిన్న స్లిప్పు మీద పెన్నుతో ఆ అంకె రాసి చుట్టూ సున్నా చుడతాడు. మనం 5 వేలో 10 వేలో అడ్వాన్సు ఇస్తాం. రంగు ఎంచుకుంటాం. ఇంట్లో వాళ్లకు ఫోన్ చేస్తాం. డెలివరీ ముందు రోజు అసలు లెక్క బయటికొస్తుంది. అందులో హ్యాండ్లింగ్ చార్జీలు ఉంటాయి. యాక్సెసరీస్ కిట్ ఉంటుంది. టెఫ్లాన్ కోటింగ్ ఉంటుంది. ఆర్టీఏ ఖర్చులని ఒక గుండుగుత్త అంకె ఉంటుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? అడ్వాన్సు వాళ్ల దగ్గర ఇరుక్కుంది. పూజకు పంతులుకు చెప్పాం. బావమరిది బస్సెక్కాడు. కాబట్టి ఇచ్చేస్తాం. ఇక్కడ గమనించాల్సింది చార్జీ ఎంత అన్నది కాదు. అది ఎప్పుడు చెప్పారన్నది. ఆ చార్జీల సంగతి మొదటి రోజే చెప్పి ఉంటే లేచి పక్క షోరూంకి వెళ్లేవాళ్లం. మనం లేవలేని రోజు చూసి చెప్పారు. అందుకే దీనికి మందు బేరమాడటం కాదు. వరస మార్చడం. ముందు కాగితం, తర్వాతే అడ్వాన్సు.

కాగితంలో ఏముండాలో ఒక బైకుతో లెక్క వేద్దాం. 2025 దసరా నాటి రేట్లే తీసుకుందాం. ప్రభుత్వం వీటిని మారుస్తూ ఉంటుంది, కొనే రోజు ఉన్న రేటు మీరు చూసుకోవాలి. పక్కన పెన్ను ఉంటే రాసుకోండి. 125 సీసీ బైకు, ఎక్స్ షోరూం ధర 90 వేలు అనుకుందాం. దీనిమీద మన రాష్ట్రంలో లైఫ్ టాక్సు 12 శాతం. అంటే 10,800. కేంద్ర నిబంధనల ప్రకారం బైకు రిజిస్ట్రేషన్ ఫీజు 300. అప్పు మీద కొంటే హైపోథికేషన్ రాయడానికి 500. కార్డుకు 200. ఈ మూడూ కలిపితే వెయ్యి. వీటికి తోడు రాష్ట్రం తీసుకునే సర్వీసు రుసుము కొంత ఉంటుంది. ఇక ఇన్సూరెన్సు. కొత్త బైకుకు 5 ఏళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. 2018 సెప్టెంబరు 1 నుంచి సుప్రీంకోర్టు ఆదేశం మీద అమలవుతోంది. 75 నుంచి 150 సీసీ బైకుకు దాని ప్రీమియం 3,851. జీఎస్టీ కలిపితే 4,544. ఇది ప్రభుత్వం నిర్ణయించిన రేటు, ఏ కంపెనీ దగ్గర కొన్నా ఇదే. ఇంతవరకు కూడితే ఎంత? 1 లక్షా 6 వేల 344. దీనిమీద ఏడాది సొంత డ్యామేజీ పాలసీ, నడిపే యజమానికి 15 లక్షల ప్రమాద బీమా కలుస్తాయి. అవి కలిపినా 1 లక్షా 10 వేలు దాటడానికి గట్టి కారణం ఉండాలి. స్లిప్పు మీద 1 లక్షా 16 వేలు అని సున్నా చుట్టి ఉంటే, మధ్యలో ఆ 6 వేలు ఏమిటని అడగాలి. చూశారా, ఇది పెద్ద విద్య కాదు. ఒక కూడిక.

ఆ 6 వేలల్లో ఏముంటాయో ఇప్పుడు విప్పి చూద్దాం. మొదటిది హ్యాండ్లింగ్ చార్జీ. కొన్నిచోట్ల లాజిస్టిక్స్ అంటారు, కొన్నిచోట్ల డిపో ఖర్చు అంటారు. బండిని గోదాం నుంచి షోరూంకి తెచ్చినందుకట. కంపెనీ ప్రకటించే ఎక్స్ షోరూం ధరలోనే బండి డీలరు దాకా వచ్చే ఖర్చు ఉంది, డీలరు కమీషనూ ఉంది. షోరూం లోపల నిలబెట్టిన బండి ధర అది. మళ్లీ షోరూంకి తెచ్చిన కూలి వేరే ఇమ్మంటే ఒకే పనికి రెండుసార్లు కట్టినట్టే. రెండోది హెల్మెట్. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన ఉంది. టూవీలర్ కొన్నప్పుడు బీఐఎస్ ప్రమాణాల హెల్మెట్‌ను తయారీదారే ఇవ్వాలని అందులో ఉంది. మన బిల్లుల్లో అదే హెల్మెట్ యాక్సెసరీస్ కింద కనబడుతుంది. మూడోది చీర గార్డు, వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే హ్యాండిల్. 123వ నిబంధన చదవండి. వెనక చక్రం సగానికి తగ్గకుండా, బట్టలు చిక్కుకోకుండా కాపు ఉండాలి. పట్టుకోవడానికి పిడి ఉండాలి. కాళ్లు పెట్టుకునే ఫుట్ రెస్టు ఉండాలి. ఇవి బండికి అలంకారాలు కావు. ఇవి లేకుండా బండి నిబంధనల ప్రకారం బండే కాదు. వాటిని సీటు కవరుతో, కీ చెయిన్‌తో కలిపి ఒకే కిట్ కట్టి, మొత్తం కొనాలనడం ఏం న్యాయం? ఇక నంబరు ప్లేటు. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటును తయారీదారే బండితో పాటు ఇవ్వాలి, డీలరు దానిమీద నంబరు వేసి బిగించాలి. కాబట్టి ప్లేటు ఫిట్టింగ్ అని వేరే అంకె కనబడితే అదెందుకో అడగండి.

ఇన్సూరెన్సు గురించి ఒక్క నిమిషం ఆగాలి. పెద్ద అంకె దాక్కునేది ఇక్కడే, ముఖ్యంగా కార్లలో. షోరూం వాళ్లే పాలసీ కూడా చేయిస్తారు. తప్పు లేదు. బీమా నియంత్రణ సంస్థ 2017 నుంచి వాళ్లకు ఆ పనికి పద్ధతి పెట్టింది. కానీ మా దగ్గరే చేయించాలని బలవంతం చేసే హక్కు వాళ్లకు లేదు. థర్డ్ పార్టీ ప్రీమియం అందరి దగ్గరా ఒకటే. 2025 రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కొత్త కారుకు 3 ఏళ్లకు 6,521. వెయ్యి నుంచి 1,500 సీసీకి 10,640. తేడా వచ్చేది సొంత డ్యామేజీ భాగంలో, జీరో డిప్రిసియేషన్ లాంటి అదనపు కవర్లలో. అక్కడ ఒక్కో కంపెనీది ఒక్కో రేటు. 2020 ఆగస్టు నుంచి కొత్త బండికి సొంత డ్యామేజీ పాలసీని 3 ఏళ్లు, 5 ఏళ్లు కలిపి తీసుకోవాల్సిన పని కూడా పోయింది. ఏడాదికి తీసుకోవచ్చు. బయట ఒక కొటేషన్ అడిగి పట్టుకెళ్లండి. ఆ కాగితం టేబుల్ మీద పెట్టగానే షోరూం ప్రీమియం ఎంత తగ్గుతుందో మీరే చూస్తారు. కాగితానికి ఉన్న బలం అది. ఇంకొక మాట. 10 లక్షలు దాటిన కారుకు టీసీఎస్ అని 1 శాతం వసూలు చేస్తారు. అది దాపరికం చార్జీ కాదు. మీ పాన్ మీద జమవుతుంది. రిటర్ను వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది. ఇన్‌కం టాక్సు కడుతున్న సింగరేణి ఉద్యోగి దాన్ని వదులుకోకూడదు. అంటే కాగితం చూసేది దొంగను పట్టడానికే కాదు. మనకు తిరిగొచ్చే పైసలు పోగొట్టుకోకుండా ఉండటానికి కూడా.

ఇంత లెక్క మాకెక్కడ వస్తుంది అంటారేమో. రాకపోవడమేంటి? సింగరేణి కార్మికుడు నెలనెలా పే స్లిప్పు ఎలా చదువుతాడో అందరికీ తెలుసు. బేసిక్ ఎంత, వీడీఏ ఎంత, ఎన్ని మస్టర్లు పడ్డాయి, ప్లే డే పడిందా లేదా, సీఎంపీఎఫ్ ఎంత కోశారు. తెలియని రికవరీ 200 రూపాయలు కనబడితే ఆ పూటే ఆఫీసుకు పోయి క్లర్కును అడుగుతాడు. ఎందుకు కోశారో చెప్పేదాకా కదలడు. ఆ కళ్లే, ఆ పట్టుదలే షోరూంలో కావాలి. అక్కడ 200 కాదు, 6 వేలు, 15 వేలు పోతున్నాయి. మరి అక్కడ ఎందుకు మొహమాటపడతాం? పే స్లిప్పు మన హక్కని మనకు తెలుసు. కొటేషన్ కూడా మన హక్కే అనిపించదు. అంతే తేడా. అప్పు విషయంలో రిజర్వు బ్యాంకు ఈ హక్కును ఇప్పటికే రాతలో పెట్టింది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులైనా, ఫైనాన్సు కంపెనీలైనా వాహన రుణం ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలి. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, బీమా, ఇతర ఖర్చులు అన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో రాయాలి. రుణం తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో రాయాలి. తెలుగులో ఇమ్మని అడగొచ్చన్నమాట. ఆ పత్రంలో లేని చార్జీ ఏదీ మీరు స్పష్టంగా ఒప్పుకోకుండా తర్వాత వసూలు చేయకూడదు. బ్యాంకులకే తప్పనప్పుడు షోరూంలో అడగడం గొంతెమ్మ కోరిక ఎలా అవుతుంది? ముందు కాగితం, తర్వాతే అడ్వాన్సు.

డీలర్ల వాదన కూడా వినాలి. వాళ్లూ వ్యాపారం చేస్తున్నారు. కంపెనీ ఇచ్చే కమీషను తక్కువ అంటారు. రాజీవ్ రహదారి మీద షోరూంకి అద్దె కట్టాలి, స్టాకు మీద బ్యాంకు వడ్డీ కట్టాలి, 20 మందికి జీతాలివ్వాలి. అవన్నీ నిజమే. ఒక డీలరుకు నిజంగా గిట్టుబాటు కాకపోతే ఆ కమీషను గురించి కొట్లాడాల్సింది కంపెనీతో. దసరా ముందు రోజు మనతో కాదు. ఇంకో తిరకాసు ఉంది. ఆ చార్జీ న్యాయమైనదైతే జీఎస్టీ నంబరున్న అసలు బిల్లులోనే వేయొచ్చు కదా? చాలాసార్లు అది వేరే చిన్న రసీదు మీద వస్తుంది. ఒక్కోసారి రసీదు కూడా ఉండదు, నోటి లెక్కే. అసలు బిల్లులో చోటు దొరకని చార్జీని మనం ఎందుకు నమ్మాలి? మీకు 10 వేలు డిస్కౌంటు ఇచ్చాం కదా, 4 వేలు హ్యాండ్లింగ్ కడితే ఏం పోయింది అని ఇంకొకరు అంటారు. అలాంటప్పుడు అది 10 వేల డిస్కౌంటు కాదు, 6 వేల డిస్కౌంటు. 6 వేలని చెప్పి అమ్మమనండి, అందులో మోసం లేదు. పోస్టరు మీద పెద్ద అంకె చూపించి, వెనక నుంచి కొంత లాక్కుంటేనే పేచీ. చార్జీ తీసుకోవడం కన్నా, దాన్ని దాచి పక్క షోరూంతో పోల్చుకోనివ్వకపోవడమే పెద్ద నష్టం. నిజాయితీగా మొత్తం ధర చెప్పిన డీలరు పోస్టరు మీద ఖరీదైనవాడిలా కనబడతాడు. గిరాకీ దాచినవాడి దగ్గరికి పోతుంది. మనం కాగితం అడిగితే లాభపడేది మనం ఒక్కరమే కాదు, ఊళ్లో ఉన్న మంచి డీలరు కూడా.

10 లక్షల కారు కొంటూ 5 వేలకు రచ్చ ఏమిటి, పరువు తక్కువ అని కొందరికి అనిపిస్తుంది. ఇది మన బొగ్గు బెల్టులో బలంగా ఉన్న ఆలోచన. దీని గురించి కొంచెం గట్టిగానే మాట్లాడాలి. షోరూంకి వచ్చేవాళ్లందరూ లాభాల వాటా లక్షల్లో పడ్డవాళ్లు కారు. 2025లో కాంట్రాక్టు కార్మికుడికి వచ్చిన బోనస్ 5,500. ఆ మనిషి కూడా డ్యూటీకి పోవడానికి, పిల్లను బడిలో దింపడానికి ఓ స్కూటీ కిస్తీ మీద కొంటాడు. హ్యాండ్లింగ్, కిట్ కలిపితే అతని బోనస్ మొత్తం ఆ టేబుల్ మీదే అయిపోతుంది. పర్మినెంటు ఉద్యోగి పరువు కోసం అడగకుండా కట్టిన 5 వేలు ఆ ఊళ్లో రేటుగా మారుతుంది. తర్వాత వచ్చిన కాంట్రాక్టు కార్మికుడితో, అందరూ కడుతున్నారు అన్నా, నీ ఒక్కడికే ఏంది అంటారు. కాబట్టి అడగగలిగినవాళ్లు అడగాలి. సేల్స్ అబ్బాయితో గొడవ పెట్టుకోమని నేననడం లేదు. అతనూ మన కాలనీ పిల్లవాడే. టార్గెట్ల కింద నలుగుతుంటాడు. తమ్ముడూ, మొత్తం లెక్క విడివిడిగా రాసి, షోరూం ముద్ర వేసి ఇవ్వు, ఇంట్లో చూపించి రేపొస్తా అంటే చాలు. ముద్ర వేయనంటే ఆ షోరూం సంగతి అక్కడే తెలిసిపోతుంది. ముహూర్తం దాటిపోతుందన్న భయం ఉన్నవాళ్లు పండగకు రెండు వారాల ముందే కాగితాలు తెచ్చుకుంటే సరి. ముహూర్తం బండి ఇంటికి రావడానికి. కొటేషన్‌కు ముహూర్తం ఎవరూ పెట్టలేదు.

ఇప్పుడు రిపేరు సంగతి. బండి కొనడం ఒకసారి, బాగు చేయించడం పదేళ్లు. కంపెనీ సర్వీసు సెంటరులో ఫ్రీ సర్వీసు అంటే లేబరు మాత్రమే ఫ్రీ. ఆయిలు, ఫిల్టర్లు మన ఖర్చే. ఇది సర్వీసు పుస్తకంలో రాసే ఉంటుంది, ఎవరూ దాచలేదు. దాచేది వేరే. పొద్దున బండి అప్పజెప్పినప్పుడు 3 వేలవుతుంది అంటారు. సాయంత్రం బిల్లు 7 వేలు. ఇంజిన్ ఫ్లషింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, చివర కన్స్యూమబుల్స్ అని ఒక అంకె. అడిగితే, ఫోన్ చేశాం సార్, మీరు ఎత్తలేదు అంటారు. ఎలా ఎత్తుతాడు? ఫస్ట్ షిఫ్టులో బాయి లోపల ఉన్న మనిషి దగ్గర ఫోను ఉండదు. అండర్‌గ్రౌండ్ గనిలోకి మామూలు సెల్‌ఫోన్ తీసుకుపోనివ్వరు. నిప్పురవ్వ భయం. మన ఊళ్లో సర్వీసు అడ్వైజరుకు ఈ సంగతి తెలియనిది కాదు. కాబట్టి బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు మీద మీ చేత్తో ఒక వాక్యం రాయండి. నన్ను అడగకుండా అదనపు పని చేయవద్దు, మొత్తం ఇంత దాటవద్దు. కింద సంతకం. ఆ జాబ్ కార్డును మీ ఫోనులో ఫొటో తీసుకోండి. ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా దానిమీద రాయండి. ఇక్కడ కూడా అదే వరస. ముందు కాగితం, తర్వాతే తాళంచెవి.

అలా అని ప్రతి అదనపు పనీ మోసం అనుకోకూడదు. మన దగ్గర ఓపెన్‌కాస్టుల దుమ్ము, బొగ్గు లారీల దుమ్ము, కరెంటు ప్లాంటు బూడిద ఉన్నాయి. పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కన్నా ముందే ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవచ్చు. మార్చాలి అంటే అది నిజమే కావచ్చు. తేల్చుకోవడానికి తేలిక దారి ఉంది. పాత ఫిల్టరు తెచ్చి చూపించమనండి. వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. మడతల్లో వెలుతురు కనబడకుండా నల్లగా పట్టి ఉంటే మార్చిన మనిషికి దండం పెట్టి డబ్బులివ్వండి. కొత్త పార్టు వచ్చిన డబ్బా కూడా అడగండి. ప్యాకింగులో వచ్చే స్పేరు పార్టు డబ్బా మీద ఎమ్మార్పీ ఉండాలి. అన్ని పన్నులూ కలిపిన ధర అది. దానికి మించి వసూలు చేయడం తూనికలు, కొలతల చట్టం ప్రకారం తప్పు. చౌరస్తా పక్కన షెడ్డులో పనిచేసే మన మెకానిక్కు దగ్గర బిల్లు బుక్కు ఉండదు, జాబ్ కార్డు ఉండదు. నమ్మకం మీద నడుస్తుంది. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. చాలామందికి అతను సర్వీసు సెంటరు కన్నా నమ్మకస్తుడే. అయినా డబ్బా అడగడంలో తప్పు లేదు. కూలి ఎంత, పార్టు ఎంత అని విడిగా చెప్పమంటే అతనికే మర్యాద. లేకపోతే అతను కష్టపడి తీసుకున్న 300 కూలి కూడా పార్టు ధరలో కలిసి మోసంలా కనబడుతుంది.

బయట చేయిస్తే వారంటీ పోతుంది, అందుకే కంపెనీ సర్వీసు సెంటరు ఎంతంటే అంత ఇస్తున్నాం అని చాలామంది అంటారు. ఈ భయానికి ఆధారం కొంత ఉంది, పెంచి చెప్పింది కొంత ఉంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. అసలు స్పేరు పార్టులు, రిపేరుకు కావాల్సిన సాంకేతిక సమాచారం బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారని తేల్చింది. బయట చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అనే షరతు పెట్టవద్దని చెప్పింది. కంపెనీలు పై కోర్టులకు వెళ్లాయి, ఆ గొడవ ఏళ్ల తరబడి నడిచింది. దీన్ని పట్టుకుని కొత్త కారును రేపే షెడ్డుకు తోలమని నేననను. వారంటీ ఉన్నంతకాలం పుస్తకంలో రాసిన సర్వీసులు కంపెనీ దగ్గరే చేయించడం క్షేమం. కానీ పుస్తకంలో లేని ఫ్లషింగులు, కోటింగులు వద్దంటే వారంటీ పోతుందని ఎవరైనా అంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు.

ఇదంతా ప్రభుత్వం చూసుకోవాలి, మనకెందుకీ తలనొప్పి అనేవాళ్లూ ఉన్నారు. చూసుకోవాలి, నిజమే. కానీ ప్రభుత్వాలు అనుకున్నా ఇది అంత తేలిగ్గా తెగదు. మన బెల్టు నుంచి చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు కదా. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నిబంధన తెచ్చింది. కార్ల డీలర్లు ప్రభుత్వ పన్నులు తప్ప మిగతా అన్నీ కలిపిన ధరను ముందే చెప్పాలి, పనికిరాని అదనాలు అంటగట్టకూడదు అని. డీలర్ల సంఘాలు కోర్టుకెక్కాయి. కమిషన్ సరైన పద్ధతిలో ముందస్తు నోటీసు ఇవ్వలేదన్న కారణంతో 2025 జనవరిలో కోర్టు దాన్ని కొట్టేసింది. అమల్లోకి రాకుండానే పోయింది. మన దగ్గర అంతకన్నా కాస్త నయం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చేతిలో ఉంది. ఒక వస్తువు అమ్మడానికి ఇంకో వస్తువు కొనాలని షరతు పెట్టడం ఆ చట్టం కింద తప్పు. బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఏం చేయాలన్నది చివరిగా చెబుతాను. మొదట షోరూం మేనేజరుకు రాతపూర్వకంగా రాయండి. ఏ చార్జీ, ఎంత, ఎందుకు తిరిగి ఇవ్వాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. రాతకే దారికొచ్చేవాళ్లు ఉంటారు. రాకపోతే కరీంనగర్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. హైదరాబాదులో కొన్న బండైనా సరే, మీరు ఉంటున్న చోటే కేసు వేసుకోవచ్చని చట్టంలో ఉంది. వకీలు తప్పనిసరి కాదు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అంటే బైకులకు దాదాపు అన్నిటికీ ఖర్చు లేనట్టే. 5 నుంచి 10 లక్షల కారుకు ఫీజు 200, 10 నుంచి 20 లక్షల కారుకు 400. గడువు రెండేళ్లు. పోయిన దసరాకు కొన్న బండి బిల్లు బీరువాలో ఎక్కడో ఉంటుంది. ఈ ఆదివారం తీసి, దాని వెనక పిన్ను కొట్టిన చిన్న రసీదులు కూడా తిప్పి చూడండి.